పర్సంటైల్ అంటే మార్కులు కాదు

పోయిన ఆదివారం మదనపల్లెలో అక్కావాళ్లింటికి వెళ్లేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. మేనల్లుడు తొమ్మిదో తరగతి. వాడికి బెంగళూరులో చేయించిన పరీక్షల రిపోర్టు వచ్చింది. బావ ఆ కాగితాలు నా చేతిలో పెట్టి, "ఇదేందో చూడబ్బా, నూటికి తొమ్మిదంట" అన్నాడు. అక్క కళ్లు ఎర్రగా ఉన్నాయి.

బావ టమోటా మండీలో లెక్కలు చూస్తాడు. వాడు సెలవుల్లో అక్కడికెళితే ఎన్ని బాక్సులు, ఏం రేటు, కమిషన్ పోను ఎంత అనేది కాగితం లేకుండా చెప్పేస్తాడు. అదే లెక్క ప్రశ్నపత్రంలో నాలుగు లైన్లుగా వస్తే పెన్ను కదలదు. బద్ధకం అని స్కూల్లో తిట్టారు. ఫోన్లో నేనూ తిట్టాను.

రిపోర్టులో ఆ తొమ్మిది మార్కులు కావు, పర్సంటైల్. జేఈఈలో 99 పర్సంటైల్ వస్తే 99 మార్కులొచ్చినట్టు కాదు కదా, ఇదీ అంతే. వాడి వయసు పిల్లలు వందమందిని వరుసగా నిలబెడితే, ఆ ఒక్క పనిలో వాడి వెనక దాదాపు తొమ్మిదిమంది ఉంటారని అర్థం. ఆ పని ప్రాసెసింగ్ స్పీడ్, అంటే కంటికి కనిపించే చిన్నచిన్న పనుల్ని చకచకా ముగించే వేగం. అందులో స్కోరు 80. ఈ పరీక్షల్లో సగటు 100. మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. మాటల్ని అర్థం చేసుకోవడంలో వాడికి 112 వచ్చింది, అంటే సగటు కంటే ఎక్కువే. అన్నీ కలిపిన ఐక్యూ 97.

"97 అంటే బాగుందనా, బాగలేదనా?" అంది అక్క. మండీలో మొదటి రకం, చివరి రకం కలిపి సగటు ధర కడితే ఏ బాక్సు ఎంతకు పోయిందో తెలియదు. ఇదీ అట్లాంటిదే. మొత్తం అంకె కంటే మధ్యలో ఉన్న ఎగుడుదిగుళ్లే ముఖ్యం. చివరి పేజీలో అసలు విషయం ఉంది: చదవడం నాలుగో తరగతి స్థాయిలో ఉంది, ఇది డిస్‌లెక్సియా. తెలివి తక్కువ కావడం కాదు. అక్షరాన్ని శబ్దంగా మార్చుకోవడం వాడికి కష్టం, అంతే.

మన ఊళ్లో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని కూడా చిన్నప్పుడు బడిలో మొద్దు అనుకున్నారు, కొట్టారు. ఆయనకు డిస్‌లెక్సియా ఉందని నేననడం లేదు. మొద్దు అనే మాట ఎంత తొందరగా వాడేస్తామో చెబుతున్నా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని 17వ సెక్షన్ చెబుతుంది. వాటికి సర్టిఫికెట్ కావాలి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక పరిగెత్తితే లాభం లేదు. ఇప్పుడే హెడ్మాస్టర్ని కలవాలి.

"వైకల్యం అని కాగితం మీద రాయించుకునేదా?" అన్నాడు బావ. ఆ కాగితం ఎవరికి చూపాలో మన ఇష్టమే అన్నాను. ఇది కుటుంబాల్లో వస్తుంటుందని కూడా చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు.

"నేనూ ఇట్లే ఉంటిని. మా నాయన కొట్టి కొట్టి, యాష్టపడి మండీలో పెట్టినాడు. అప్పుడు నాకీ కాగితం ఎవరిచ్చినారు?"

తలుపు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. పద్నాలుగేళ్లవాడు, దాచి లాభం లేదు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ముందు 112 చూపించాను, తర్వాత 80. "అయితే నేను మొద్దు కాదా మామా?" అన్నాడు.

జవాబు నేను చెప్పలేదు, బావ చెప్పాడు. "కాదురా. రేపు పొద్దున్నే స్కూలుకు నేను గూడా వస్తా."