కిరాయి తుపాకి

'మోసగాళ్ళకు మోసగాడు' (1971) గురించి మా పెనుగొలనులో నేటికీ అభిప్రాయాలు రెండు. గుర్రాలూ, టోపీలూ, తుపాకులూ మనకెక్కడివని పెద్దలు. మరి మాయా తివాచీలూ, మంత్రదండాలూ మనకెక్కడివని మరికొందరు. 2023 మే 31న, కృష్ణ జయంతినాడు చిత్రం మళ్ళీ విడుదలైనప్పుడు ఈ తగవు తిరిగి మొదలైంది.

నాకు టోపీతో పేచీ లేదు. వి.ఎస్.ఆర్. స్వామి ఛాయాగ్రహణంలో ఆ ఎడారి ఇప్పటికీ కొత్తగానే ఉంది. నా సందేహం వేరు. సెర్జియో లియోనె 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో ఈస్ట్‌వుడ్ బందిపోటును అప్పగించి బహుమానం పుచ్చుకుంటాడు. ఉరితాడును తుపాకితో తెంపి, వాడినే మరో ఊళ్ళో మళ్ళీ అప్పగిస్తాడు. అంతా డబ్బుకోసమే, సంజాయిషీ లేదు. ఆరుద్ర కలంలో పుట్టిన మన కథానాయకునికి మాత్రం తనవారిని చంపినవారిపై పగ కావలసివచ్చింది.

మిరపకోతకు కూలికి పోయివచ్చి సినిమా చూసిన మావాళ్ళే, కథానాయకుడు కూలికి తుపాకి పట్టడాన్ని సహించరు.

"డబ్బుకు చంపేవాడు హీరో ఏమిట్రా?" అని పెదనాన్న నన్ను కసిరారు.

"మరి పగకు చంపితే?"

"అది న్యాయం."

నాకు భయం ఆ న్యాయమంటేనే. బేరం కుదరకపోతే కిరాయివాడు తుపాకి దించుతాడు. పగబట్టినవాణ్ణి ఎవరు ఆపగలరు? ఆ మాటే పెదనాన్నతో అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, గుర్రాలు మాత్రం బాగున్నాయన్నారు.