అమ్మ చదివిన నవలలు

ఈమధ్య ఊరికి వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపితే అడుగున మూడు నవలలు కనిపించాయి. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ", "మీనా", యండమూరి వీరేంద్రనాథ్ "వెన్నెల్లో ఆడపిల్ల". మూడూ అమ్మవే. చలం, కొడవటిగంటి, రావిశాస్త్రి తప్ప రచయితలే లేరనుకునే కాలేజీ రోజుల గర్వంతో, ఆవిడ చేతిలో ఇలాంటి పుస్తకాలు చూసి ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ వాటిని తెరవడం మానేసింది. ఈ సంగతి ఇన్నేళ్ళకు, ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడు గాని నాకు తట్టలేదు.

వారం రోజుల్లో మూడూ చదివాను. నేను విమర్శకుణ్ణి కాను. మామూలు పాఠకుడిగా తోచినవే ఇవి.

"సెక్రటరీ" 1960ల నాటి నవల. జయంతికీ, ఆమె యజమాని రాజశేఖరానికీ మధ్య వచ్చే అపార్థాలలో సగం, ఎవరో ఒకరు నోరు విప్పి ఒక్క మాట చెబితే తీరిపోయేవే. చెబితే నవల అయిపోతుంది కనుక ఎవరూ చెప్పరు. కారు, మేడ, అందగాడైన నాయకుడు అన్న మూస ఆ తర్వాత ఎన్ని నవలల్లో అరిగిపోయిందో మనకు తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. కారణం రాజశేఖరం కాదు, జయంతి. జీతమిచ్చేవాడి ఎదుట తల వంచకూడదన్న ఆమె పట్టుదల నిజమైనది. ఆడపిల్లలు ఉద్యోగాలకు వెళ్ళడమే వింతగా చూసిన రోజుల్లో అది ఎందరికి ధైర్యమిచ్చిందో ఊహించగలను.

"మీనా" నాకు మూడింటిలోకీ బాగా నచ్చింది. 1973లో విజయనిర్మల దీన్ని సినిమాగా తీశారు. 2016లో వచ్చిన "అ ఆ" చూసినవారికీ కథ తెలిసినట్టే ఉంటుంది. తల్లి చాటున, తనకంటూ ఒక ఇష్టం ఉండవచ్చునన్న ఊహ కూడా లేకుండా పెరిగిన అమ్మాయి, పల్లెకు వెళ్ళి తన నిర్ణయం తాను తీసుకోవడం నేర్చుకుంటుంది. పట్నపు నాజూకులన్నీ చెడ్డవి, పల్లెటూరివన్నీ మంచివి అన్నట్టు రాయడం ఒప్పుకోలేను. పొలం పనిలో నడుము విరిగే సంగతి తెలిసినవారెవరూ ఒప్పుకోరు. కానీ మీనా పిరికితనం, దాని నుంచి ఆమె అడుగులో అడుగుగా బయటపడడం ఎంతో ఓపికగా చిత్రించారు.

"వెన్నెల్లో ఆడపిల్ల" సంగతి వేరు. చదరంగం ఆటగాడు రేవంత్‌కు ఒక అపరిచిత ఫోను చేస్తుంది. చిక్కుప్రశ్నలు విప్పుకుంటూ అతడు ఆమెను కనిపెట్టాలి. నేటి సెల్‌ఫోనులో ఈ కథ మొదటి పేజీలోనే తెగిపోతుంది. ఎవరు పిలుస్తున్నారో తెరమీదే కనబడుతుంది కదా! అయినా ఆ ఎదురుచూపు పాతబడలేదు. కన్నడంలో 1995లో దీన్ని "బెళదింగళ బాలె"గా తీశారంటే ఆశ్చర్యం లేదు. నా ఫిర్యాదల్లా ఒక్కటే: రేవంత్ తెలివి మనకు పేజీపేజీకీ తెలుస్తుంది, ఆ అమ్మాయి మనసు మాత్రం అతడికి వినిపించినంతే మనకూ వినిపిస్తుంది. ముగింపు చెప్పను.

ఇలాంటి నవలలు చదివేవారు కలల్లో తేలిపోతారనీ, రాసిందల్లా నమ్మేస్తారనీ ఒకప్పుడు గట్టిగా వాదించేవాణ్ణి. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మతో "సెక్రటరీ చదివానమ్మా, బాగుంది" అన్నాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, "జయంతి బాగుంటుంది. ఆ రాజశేఖరానికే అంత బెట్టు పనికిరాదు. నాకైతే చదివినప్పుడల్లా కోపం వచ్చేది" అంది.

నేను వారమంతా ఆలోచించి చెప్పబోయిన విమర్శ అదే. ఆవిడ నలభై ఏళ్ళ కిందటే చేసి పెట్టుకుంది. అడిగినవారే లేరు.