సౌందర్యశాలలును నష్టపరిహారమును

పెండ్లిముస్తాబునకు బ్యూటీ పార్లరునకు పోవుట మన పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణములలో నేడు వింత కాదు. దానిని విలాసమని ఎత్తిపొడుచుట మా యుద్దేశము కాదు. రూకలిచ్చి కొన్న సేవవలన దేహమునకు హాని గలిగినచో చట్టమే దారి చూపుచున్నది, ఆ దారిలో ఉద్దానమువారికి ప్రత్యేకముగా నడ్డువచ్చు వాదమేది, అనునదియే మేము పాఠకుల యెదుట నుంచదలచిన విషయము.

హాని యనగా చర్మము కందుటయు, జుట్టు రాలుటయు మాత్రమే కాదు. 2022లో హైదరాబాదున ఒక స్త్రీకి పార్లరులో తల కడుగునపుడు మెడను వెనుకకు వంచియుంచుటచే రక్తనాళము నొక్కుకొని పక్షవాతలక్షణములు గలిగెనని ఆమెను పరీక్షించిన వైద్యుడే ప్రకటించెను. మనకు అంతకంటెను ముఖ్యమైనది మూత్రపిండముల సంగతి. కేరళమున కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై మొదలు 2023 సెప్టెంబరు వరకు ఒక తెగ మూత్రపిండవ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలింపగా, వారిలో 15 మందికి అరుదైన యొకే లక్షణము కానవచ్చెను. ఆ 15 మందిలో 13 మంది మేనిఛాయ తెలుపుచేయు క్రీములు పూసుకొన్నవారే. అట్టి క్రీములలోని పాదరసము చర్మముగుండ రక్తములో జేరి మూత్రపిండముల వడపోతను చెరచును. ట్యునీషియాలో 26 ఏండ్ల యువతి 2020, 2021, 2022 సంవత్సరములలో ముమ్మారు జుట్టు సాపుచేయించుకొనగా ముమ్మారును ఆమె మూత్రపిండములు దెబ్బతినెననియు, ఆ క్రీములో గ్లయాక్సిలిక్ ఆమ్లము గలదనియు 2024లో వైద్యపత్రిక యొకటి ప్రకటించెను. మూత్రపిండవ్యాధి యింటింట దుఃఖము నింపిన ఉద్దానమున ఈ వార్తలను పరదేశపు ముచ్చటలుగా చదివి మడిచిపెట్టరాదు.

ఇక చట్టము. 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము పార్లరువారి పనియు సేవయే. అందలి లోపమునకు పరిహార మడుగవచ్చును. తయారుచేసినవాడు ఏ మహానగరమున నున్నను, మనవారు తమ జిల్లాయగు శ్రీకాకుళపు కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట విధి కాదు. వకీలువృత్తిలో నున్న మేమే ఈ మాట చెప్పుచున్నాము. గడువు మాత్రము 2 సంవత్సరములు.

చట్ట మింత సులభమైనను ఉద్దానమున దాని కొక యడ్డు గలదు. సోంపేటనుండి గాని, కవిటినుండి గాని ఒక యాడుబిడ్డ మూత్రపిండములు చెడినవని ఫిర్యాదు చేసినచో ప్రతివాది యేమనును? "అది ఉద్దానపు జబ్బు, మా క్రీముకు దానితో నేమి పని?" అనును. మన దురదృష్టమునే వారు డాలుగా పట్టుదురు. ఈ వాదమునకు సమాధానము లేకపోలేదు. మొదటిది, ఇది నేరవిచారణ కాదు. అణుమాత్రమును సంశయము లేకుండ రుజువు చేయనక్కరలేదు, ఏ కారణమునకు ఎక్కువ సంభావ్యత గలదో తేలిన చాలును. రెండవది, అపరాధి ఎదుటివాని దేహము నున్నదున్నట్లే గైకొనవలయునని న్యాయశాస్త్రము చెప్పును. బలహీనుని త్రోసి, బలవంతుడైనచో పడియుండడనుట జవాబు కాజాలదు. మూడవది, వైద్యమే రెంటిని వేరుపరచగలదు. ఉద్దానపు వ్యాధిలో సాధారణముగా మూత్రమున మాంసకృత్తులు స్వల్పముగా పోవును. పాదరసపు వ్యాధిలో అవి విస్తారముగా పోయి దేహము వాచును. రక్తమూత్రములలో పాదరసమును కొలువవచ్చును, అవసరమైనచో మూత్రపిండపు ముక్కను పరీక్షింపవచ్చును. మునుపటి క్రియాటినిను పరీక్షకాగితము ఇంట నున్నచో, పార్లరునకు పోకమునుపు దేహస్థితి యెట్లుండెనో అదియే సాక్ష్యము చెప్పును.

సాక్ష్యము లేని కష్టమునకు న్యాయస్థానమున విలువ కట్టుట దుర్లభము. ఢిల్లీలో జుట్టు కత్తిరించుటలో జరిగిన లోపమునకు 2021 సెప్టెంబరులో జాతీయ కమిషను 2 కోట్ల రూపాయలు విధింపగా, 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు, లోపము జరిగెనను నిర్ణయమును కదల్పకయే, అంత మొత్తమునకు ఆధార మేదని యడిగి ఆ సంఖ్యను రద్దుచేసి వ్యాజ్యమును మరల విచారణకు పంపెను. కావున రసీదును, క్రీముడబ్బాను, మిగిలిన క్రీమును, హాని కనబడిన దినపు ఛాయాచిత్రములను, వైద్యుని చీటీని భద్రపరచుడు. ఆ క్రీమును పరీక్షాలయమునకు పంపు అధికారము కమిషనునకు గలదు.

ఇచట మరియొక న్యాయమును మరువరాదు. మన యూళ్ల పార్లరులలో అనేకములు కుట్టుమిషనుతోపాటు ఈ పనియు నేర్చి సంసారము నీడ్చుకొను స్త్రీలవి. వారిని నేలమట్టము చేయుట మాకు సమ్మతము కాదు. దోషము వస్తువులో నున్నచో తయారుచేసినవానినే పట్టుటకు ఈ చట్టమున ప్రత్యేకాధ్యాయము గలదు. కాని తయారుచేసినవా డెవ్వడో తెలియని సరకు నమ్మినచో ఆ భారము అమ్మినవారి మీదనే పడును. కాబట్టి పేరులేని డబ్బాను పార్లరులోనికి రానీయకుండుటయే ఆ సోదరీమణులకును రక్ష. కంటిచుట్టు వాడునవి తప్ప, తక్కిన అలంకరణవస్తువులలో పాదరసము పొరపాటున చేరినదైనను పది లక్షలలో ఒక వంతునకు మించరాదని 2020 నాటి నియమములు శాసించుచున్నవి. ఆ నియమమును బజారులో నిలబెట్టుట ఔషధ తనిఖీ అధికారుల విధి. బిడ్డ మంచమెక్కిన తరువాత కాదు, ముందే నమూనాలు తీయవలయును.

పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల మూత్రపిండ వైద్యాలయపు వైద్యులకు మా విన్నప మొక్కటి: వచ్చిన ప్రతి యువతిని, యువకుని, ఏ క్రీము వాడితిరని యడిగి, ఆ జవాబును చీటీపై వ్రాయుడు. ఆ యొక్క పంక్తి రోగికి చికిత్సయు కాగలదు, కమిషనులో సాక్ష్యమును కాగలదు. గ్రంథాలయములకు వచ్చు సోదరులు ఈ సంగతిని ఇంటికి గొనిపోయి తల్లులకు, చెల్లెండ్రకు చదివి వినిపింతురు గాక. ఉద్దానపు జబ్బునకు మూలమేదో శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. తెలిసిన విషమునకైనను తెలిసినవాని చేత మూల్యము కట్టించుట మన చేతిలోని పని.