బిగుసుకున్నది వేరు, బిగించినది వేరు

విశాఖపట్నం ఉక్కును తయారు చేసే నగరం. ఆ ఉక్కును తినివేసే ఉప్పుగాలి కూడా ఈ నగరానిదే. 1933లో ప్రారంభమైన రేవులోనూ, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలోనూ ఇనుమును తుప్పు నుండి కాపాడే పనికి ముగింపు లేదు. మన వాకిట నిలిపిన సైకిలుకు తగిలేదీ ఆ గాలే. దానిపై ఎక్కి, ఈ ఎత్తుపల్లాల దారుల్లో బడికి వెళ్ళేది మన బిడ్డ.

పానా పెట్టి తిప్పినప్పుడు నట్టు కదలకపోతే, అది గట్టిగానే ఉన్నదని చాలా ఇళ్ళలో తృప్తి పడతారు. కాని తుప్పుతో బిగుసుకున్న నట్టు వేరు, సరిగా బిగించిన నట్టు వేరు. తన చోటికి పూర్తిగా చేరకముందే తుప్పు దానిని ఆపివేసి ఉండవచ్చు. లోపల మరలు సగం అరిగిపోయి ఉండవచ్చు. అటువంటి దానికి నూనె చుక్క వేసి, కొంతసేపు ఆగి విప్పాలి. మరలను శుభ్రంగా తుడిచి, కాస్త గ్రీజు రాసి తిరిగి బిగించాలి. మర చెడితే మార్చివేయాలి. నూనె గాని గ్రీజు గాని రిమ్ముకూ, బ్రేకు రబ్బరుకూ తగలరాదు.

జుమా నాటి ఉదయం పది నిమిషాలు కేటాయించుకుంటే వారానికి సరిపోతుంది. సైకిలును రెండంగుళాలు ఎత్తి వదలండి. వదులైన భాగం గలగలమంటుంది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి పట్టి హ్యాండిలు తిప్పండి. అది ఒక్కటే తిరిగితే దాని బోల్టు వదులైనదన్నమాట. చక్రాలను పక్కలకు ఊపండి. ఇరుసు నట్లు బిగించిన తరువాత కూడా ఆడుతుంటే లోపలి బేరింగులను మెకానిక్కుకు చూపించాలి. రెండు బ్రేకులూ గట్టిగా పట్టి సైకిలును ముందుకు నెట్టండి. తీగ జారితే దానిని పట్టి ఉంచే చిన్న బోల్టును చూడాలి. ఎడమ పెడలుకు మర తలక్రిందులుగా ఉంటుంది. గడియారపు ముల్లుకు ఎదురుగా తిప్పితేనే అది బిగుస్తుంది.

బలం కూడా కొలతగా వాడాలి. ఇరుసు నట్లకు చేతి బలమంతా కావాలి. బ్రేకు తీగ బోల్టుకు చిన్న పానాతో వేళ్ళ బలం చాలు. అతిగా బిగిస్తే మర తెగుతుంది, తెగిన మర దేనినీ పట్టదు.

మా మదర్సాకు సైకిళ్ళపై వచ్చే పిల్లల తల్లిదండ్రులతో మేము చెప్పేది ఒక్కటే. పానాను బిడ్డ చేతికే ఇవ్వండి, మీరు పక్కన నిలబడండి. బ్రేకు పట్టునో లేదో వాకిట్లోనే తెలియాలి. దిగుడు దారిలో, ఎదురుగా లారీ వస్తున్నప్పుడు కాదు.