టికెట్ లేని తోట

యాంగాన్‌లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి అని ఎవరడిగినా నేను మహాబందుల పార్కు పేరే చెబుతాను. "అక్కడేముంది?" అంటారు. నిజమే, పెద్దగా ఏమీ లేదు. ఊరి నడిబొడ్డున పచ్చిక మైదానం, ఒక పక్క చిన్నపిల్లలకి జారుడుబల్లలు, మధ్యలో 165 అడుగుల స్వాతంత్ర్య స్తంభం. ఇటు సూలే పగోడా, సిటీ హాలు. అటు ఎర్ర ఇటుకల పాత హైకోర్టు. మిట్టమధ్యాహ్నం వెళితే నీడ దొరక్క మాడిపోతాం. కానీ లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు. నాకు అదే ముఖ్యం.

2018, 19ల్లో మేం అక్కడ ఉన్నప్పుడు పెద్దదానికి పదమూడేళ్ళు, రెండోవాడికి ఎనిమిది, చిన్నదానికి మూడు. ఒక్క పిల్లో, ఈడుజోడుగా ఇద్దరో ఉన్నవాళ్ళకి ఈ బాధ తెలియదు. చిన్నదానికి సరదా అయినది పెద్దదానికి అవమానం. పెద్దది ఇష్టపడేది రెండోవాడికి విసుగు. మధ్యలో మనం.

ఒకసారి టికెట్ పెట్టి ఒక చోటికి వెళ్ళాం. లోపలికి వెళ్ళిన పావుగంటకే చిన్నది నా భుజం మీద నిద్రపోయింది. పెద్దది మొహం ముడుచుకుని పది అడుగులు వెనక నడుస్తోంది. ఇంకొకరైతే ఇంటికి వచ్చేసేవారు. నేను మాత్రం "ఇంత దూరం వచ్చాం, ఇంత డబ్బు పెట్టాం" అంటూ అందర్నీ చివరిదాకా తిప్పాను. పిల్లల సరదాని నేను పైసల్లో లెక్కేసుకున్నాను. టికెట్ చేసే పని అది. ఆ చెడ్డ లెక్క మనచేతే వేయిస్తుంది.

బందుల పార్కులో ఆ లెక్క లేదు. చిన్నది గడ్డిలో పరిగెత్తి పడి, ఏడ్చి, మళ్ళీ పరిగెత్తి, పది నిమిషాల్లో ఇంటికి పోదామంటే పోవచ్చు. ఎవరి సొమ్మూ పోలేదు. కొన్నిసార్లు సూలే వైపు పావురాలకి మొక్కజొన్న గింజలు చల్లి, లోపలికి పోకుండానే తిరిగొచ్చాం. రెండోవాడు స్తంభం చుట్టూ ఉన్న చిన్న స్తంభాలు ఐదూ లెక్కపెట్టి, ఈ బందుల ఎవరని అడిగేవాడు. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో 1825లో చచ్చిపోయిన బర్మా సేనాపతి అని చెప్పాను. తోటకి మొదట ఫైచ్ అనే తెల్ల అధికారి పేరు ఉండేదనీ, 1935లో మార్చారనీ, ఒకప్పుడు ఇక్కడ విక్టోరియా రాణి విగ్రహం ఉండేదనీ చెబితే, "అయితే బందుల గెలిచాడన్నమాట" అన్నాడు. వాడికి తోచిన చరిత్ర అది. నేను దిద్దలేదు.

పెద్దదానికి కావలసింది మాకు దూరం. స్తంభం ఎక్కణ్ణించైనా కనబడుతుంది కాబట్టి, "ఐదున్నరకి స్తంభం దగ్గరికి రా" అని వదిలేసేదాన్ని. అవతల చివర తన ఈడు బర్మా అమ్మాయిల గుంపు దగ్గర్లో కూర్చుని, వాళ్ళతో మాట్లాడకుండానే గంట గడిపేది. అక్కడ గొడుగు చాటున కూర్చునే ప్రేమజంటల్ని చూసి మొదట్లో నేనే కంగారుపడ్డాను. అది పట్టించుకున్నట్టే కనబడలేదు.

"చిన్న టికెటైనా పెడితే కంటికి నచ్చని మనుషులు రారు, శుభ్రంగా ఉంటుంది" అనేవాళ్ళు మనలో చాలామంది. హైదరాబాదు కేబీఆర్ పార్కుకి టికెట్ ఉంది, లుంబినీ పార్కుకి ఉంది, మనకది మామూలైపోయింది. నిర్వహణకి డబ్బు కావాలి, కాదనను. అది పన్నుల్లోంచి రావాలంటాను. కానీ ఆ మాట అనేవాళ్ళు నిర్వహణ గురించి ఆలోచించరు. వాళ్ళ మనసులో ఉన్నది ఆ "కంటికి నచ్చని మనుషులే".

ఆ మాట నాకు గుచ్చుకోవడానికి ఒక కారణం ఉంది. మా నాయనమ్మ వాళ్ళ నాన్న "రంగం వెళ్ళినవాడు". రంగూన్‌ని ఉత్తరాంధ్రలో అలాగే అనేవారు. అక్కడ రిక్షా లాగాడట. అప్పట్లో ఆ ఊళ్ళో రిక్షా లాగినవాళ్ళు, రేవులో మూటలు మోసినవాళ్ళు, వీధులు ఊడ్చినవాళ్ళు ఎక్కువమంది మనవాళ్ళే. ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరుమీద వాళ్ళని కోరంగీలు అనేవారు. ఆ పేరు తిట్టుగా కూడా పనికొచ్చింది. ఈ పార్కు నుంచి నది ఒడ్డుకి నడిచిపోయేంత దూరమే. 1930 మే నెలలో ఆ రేవు కూలి తగాదా మీద మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు నడిచీ, పడవలెక్కీ పారిపోయారు. ముత్తాత కూడా ఆ గుంపులోనే ఇంటికి చేరాడు. ఈ ఊళ్ళో అన్నేళ్ళు బతికి, ఈ తోట గేటు దాటి ఎప్పుడైనా కూర్చున్నాడో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కంటికి నచ్చని మనుషుల జాబితా ఎవరైనా రాసుంటే అందులో అతను తప్పకుండా ఉండేవాడు. అతని మునిమనవరాలి పిల్లలు అక్కడ ఉచితంగా దొర్లారు.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, సూలే చుట్టూ జనం నిండిపోయిన బొమ్మలు టీవీలో చూశాను. 1988లోనూ, 2007లోనూ జనం ఆ చుట్టుపక్కలే చేరారు. గుంపులో ఎవరి మొహమూ గుర్తుపట్టలేకపోయాను గానీ, పెద్దది టీవీకి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

అక్కణ్ణించి వచ్చేసే ముందు వారం, తను ఒక్కతే పార్కుకి వెళతానని అడిగింది. ఏం పని అంటే ఏం లేదంది. డబ్బులు ఇవ్వబోతే వద్దంది. నేను రోడ్డుకి ఇవతలే నిలబడ్డాను. గేటు దాటాక ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు.