చెరవిడిపించు విధము

1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమందలి గుర్తేడు చెంత ఎస్.ఆర్. శంకరన్ గారు మొదలగు అధికారులను నక్సలైట్లు చెరబట్టిరి. నాటి రామారావుగారి ప్రభుత్వము అడవిలోనికి దళములను తోలక, ఖైదీలను విడిచి, అధికారులను సురక్షితముగా రప్పించుకొనెను. దానిని పిరికితన మన్నవారు లేకపోలేదు. మే మట్లు తలపము.

బలప్రయోగము తప్పనిచో బందీ ప్రాణమే ప్రథమగణ్యము. 1976లో ఎంటెబీ విమానాశ్రయమున ఇజ్రాయెలు సైనికులు, పరుండుడని కేకలువేయుచు చొచ్చిరి; లేచి నిలిచిన యువకుడొకడు రక్షకుల తూటాకే బలియయ్యెను. చెరబట్టినవాడు ఆయుధము పారవైచి బందీలలో కలియవచ్చును గదా! కావుననే వెలికివచ్చిన ప్రతివానిని సోదాచేసి, గుర్తు తెలియువరకు చేతులు కట్టుటయు కలదు. మైదుకూరు చదువరులకు ఇది క్రూరముగా దోపవచ్చును. కొలది నిమిషముల కట్టును మేము తప్పుపట్టము. గుర్తు తెలిసిన పిదపను విప్పని కట్టు అక్రమనిర్బంధమే.

2002లో మాస్కో నాటకశాలలోనికి మత్తువాయువును వదలిరి. సుమారు 130 మంది బందీలు మరణించిరి, చాలమంది ఆ వాయువువలననే. వాయువు సిద్ధముగా నుండెను, తగిన వైద్యము సిద్ధముగా లేదు. వైద్యులు వాకిట నిలువనిదే దళములు తలుపు బద్దలుకొట్టరాదని మన ప్రభుత్వములు శాసింపవలెనని మేము కోరుచున్నాము.