గెలిచిన కాగితం

రాయగడలో విజయనగరం వైపు రైలెక్కితే గంట, కాస్త అటూ ఇటూగా పార్వతీపురం వచ్చేస్తుంది. మధ్యలో రాష్ట్రం మారిందని స్టేషన్ బోర్డు మీది లిపి చూస్తే తప్ప తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం అన్నీ విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలోవే. ఆ రోజున పాలనకు గీత పడింది గానీ వియ్యాలకు పడలేదు. రాయగడ వైపు పిల్లలు సాలూరు కోడళ్లవుతూనే ఉన్నారు, బొబ్బిలి కుర్రాళ్లు గుణుపురం అల్లుళ్లవుతూనే ఉన్నారు. రాయగడ మజ్జిగౌరమ్మ మొక్కులకు ఏ రాష్ట్రం వాళ్లని ఎవరూ అడగరు.

పెళ్లికి కనబడని ఆ గీత విడాకులయ్యాక కనబడుతుంది.

కోర్టు వరండాల్లో మసలేవారికి ఇలాంటి ఆడమనిషి కొత్త కాదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన తీర్పు నకలు. తీసి చూపించి, మళ్లీ మడిచి పెట్టి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. నెలకింత మనోవర్తి ఇవ్వాలని, పెళ్లినాడు పెట్టిన బంగారం తిరిగివ్వాలని, ఇద్దరి పేరా ఉన్న ఇంటిజాగాలో ఆమె వాటా రాసివ్వాలని అందులో ఉంది. విడిపోయిన భర్త విశాఖలో ఉన్నాడని ఒకరు, హైదరాబాద్‌లో ఉన్నాడని ఇంకొకరు చెబుతారు. డబ్బు మాత్రం ఎక్కడి నుంచీ రాదు. వకీలుగారు ఫైలు తిరగేసి, ‘ఈపీ వేద్దాం అమ్మా’ అంటారు. ఈపీ అంటే ఎగ్జిక్యూషన్ పిటిషన్. గెలిచిన కేసును గెలిపించుకోవడానికి వేసే కేసు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

చట్టం చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేం. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ భరణం సంగతి చూస్తుంది. పాత చట్టంలోని 125వ సెక్షన్ అంటే అందరికీ తెలిసినదే. ఇవ్వనివాడి మీద వారంటు తీయవచ్చు. బాకీపడ్డ ఒక్కో నెలకు నెల వరకు, లేదా అంతకన్నా ముందే డబ్బు కడితే అప్పటిదాకా జైల్లో పెట్టవచ్చు. 147వ సెక్షన్ ఇంకో మేలు చేసింది. ఉత్తర్వు నకలు ఉచితంగా ఇవ్వాలంది. అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు దాన్ని అమలు చేయవచ్చంది. రాయగడలో వచ్చిన ఉత్తర్వుకు పార్వతీపురంలోనూ అంతే విలువ.

హిందూ వివాహ చట్టం కింద వచ్చిన డిక్రీదైతే సివిల్ దారి. మనోవర్తి డిక్రీ కోసం జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు. కాగితం మీద సంతకం పెట్టనని మొండికేస్తే ఆ దస్తావేజును అతని తరఫున కోర్టే రాసి పూర్తిచేయగలదు. 2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇందు మల్హోత్రా, ఆర్. సుభాష్ రెడ్డి ఇచ్చిన తీర్పు ఈ దారులన్నిటినీ ఒకచోట చేర్చింది. ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో చెప్పాలని, భరణం దరఖాస్తు పెట్టిన నాటి నుంచే లెక్కకు రావాలని, బకాయిని సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగే వసూలు చేయవచ్చని స్పష్టం చేసింది.

మరి తట్టుకుంటున్నది ఎక్కడ? చిరునామా దగ్గర. సివిల్ డిక్రీ ఇచ్చిన కోర్టు తన హద్దు దాటిన ఆస్తిని, మనిషిని తాకలేదు. ఆంధ్రలోని కోర్టుకు డిక్రీని బదిలీ చేయించాలి. అక్కడ మళ్లీ వకీలు, మళ్లీ వాయిదా. నోటీసు పట్టుకెళ్లే అమీనాకు బత్తా కట్టాలి. అమీనా వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంటుంది, లేదా ‘ఆయన ఇక్కడ ఉండట్లేదండీ’ అని ఎదురింటివాళ్లు చెబుతారు. ఒక వాయిదా పోతుంది. పోయిన వాయిదాతో పాటు కూలీ, బస్సు టికెట్టు, పిల్లల్ని పక్కింట్లో వదిలి వచ్చిన రోజూ పోతాయి.

ఈ దారిలో అన్నిటికన్నా ఆగి చూడవలసిన మెట్టు ఒకటుంది. ఇవ్వగలిగి కూడా ఇవ్వనివాడిని సివిల్ జైలుకు పంపవచ్చు. అయితే అక్కడ అతని తిండి ఖర్చు ముందుగా కోర్టులో కట్టవలసింది డిక్రీ పొందినవారే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు చెప్పేది అదే. తనకూ పిల్లలకూ తిండి పెట్టమని కోర్టుకెక్కిన ఆమె, పెట్టనివాడి తిండికి డబ్బు కట్టాలి! అప్పులవాళ్లకూ వ్యాపారులకూ రాసిన నియమం కాబోలు. షావుకారు చేతిలో అది న్యాయంగానే కనబడుతుంది. ఈమె చేతిలో అదే నియమం వెక్కిరింతలా ఉంటుంది. 144వ సెక్షన్ కింద పడే జైలుకు ఈ బెడద లేదు. ఆ జైలు అనుభవించినంత మాత్రాన బాకీ చెల్లిపోదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది కూడా.

రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో జనాభాలో సగానికి పైగా గిరిజనులు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కొండ మీది ఊళ్లలో పెళ్లీ, విడిపోవడమూ ఆచారం ప్రకారమే నడుస్తాయి. పెద్దలు కూర్చుంటారు. ఎవరి ఓలి (కన్యాశుల్కం) ఎవరికి వెనక్కి పోవాలో, ఎవరు తప్పు కట్టాలో అందరి ముందే తేలుతుంది. ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఓలి లెక్క సాధారణంగా మగవాళ్ల మధ్య లెక్క; ఆడమనిషి ఆ లెక్కలో మాట చెల్లేదిగా కాక, చేతులు మారేదిగా ఉండిపోయిన సందర్భాలు ఎన్నో. అయినా కోర్టులు అక్కడ చూసి నేర్చుకోదగ్గది ఒకటుంది. కట్టించవలసిన పూచీ తీర్పు చెప్పిన ఊరిదే. బాకీ ఉన్నవాడు రేపు పొలానికి వెళ్లినా, సంతకు వెళ్లినా ఆ పెద్దల ముఖమే చూడాలి. తీర్పుకూ అమలుకూ మధ్య అమీనా నడవవలసిన దూరం అక్కడ లేదు. ఊరి కట్టుబాటు న్యాయం చేయని చోట 144వ సెక్షన్ గిరిజన మహిళకూ అందుతుంది. దానికి మతం, తెగ అడ్డురావు.

అన్ని తప్పులూ ఒకవైపే ఉన్నాయని కాదు. ఉద్యోగం పోయి నిజంగానే ఇవ్వలేనివాళ్లున్నారు. మొత్తం తగ్గించమని అడగడానికి 146వ సెక్షన్ ఉంది. ఫోను కట్టేసి ఊరు మారడం జవాబు కాదు. సెలవుల్లో బిడ్డను చూపించాలన్న ఉత్తర్వును తల్లులే పక్కన పెట్టే సందర్భాలూ ఉన్నాయి. డబ్బు అందకపోతే బకాయి అయినా మిగులుతుంది. చూడని సెలవులకు బకాయి లేదు. ఆ బిడ్డకు మళ్లీ ఏడేళ్లు రావు.

చేయవలసింది కొండంత పని కాదు. తీర్పు రాసే రోజునే డబ్బు ఏ బ్యాంకు ఖాతాలో, ఏ తేదీకి పడాలో రాయవచ్చు. జీతగాడైతే జీతం నుంచే మినహాయించి పంపమని యాజమాన్యానికి అదే ఉత్తర్వులో చెప్పవచ్చు. సునాబెడ, దమన్‌జోడి, జేకేపూర్ లాంటి కర్మాగారాల ఊళ్లున్న జిల్లాలివి. నెల జీతం దొరకని వస్తువేమీ కాదు. మొదటి నెల తప్పగానే కోర్టే పిలిచి అడిగే ఏర్పాటు ఉంటే, ఈపీ అనే రెండో యుద్ధం సగానికి సగం అక్కర్లేకపోతుంది. రెండు రాష్ట్రాల న్యాయసేవాధికార సంస్థలు రాయగడ, పార్వతీపురం మధ్య కాగితాల రాకపోకలు చూసే మనిషినొకరిని పెట్టుకున్నా ఎందరికో ప్రయాణం తగ్గుతుంది.

అంతదాకా ఆ కవరు పట్టుకుని తిరిగేవారికి ఒక మాట. మహిళలకు, షెడ్యూల్డ్ తెగలవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. భరణం బకాయికి 144వ సెక్షన్ కింద వారంటు కావాలంటే అది ఇవ్వవలసిన తేదీ నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఇస్తాడులే, పండగకి పంపుతాడులే అని చూస్తూ పదమూడో నెలలోకి అడుగుపెడితే మొదటి నెల ఆ దారిలో జారిపోయినట్టే. పండగ దాకా ఆగవద్దు.